పొయ్యి ముట్టని లడ్డూలు

ఆ రోజు సుశీలమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. రాముని గుడికి వెళ్లి, ధనుర్మాసపు పొంగలి ప్రసాదం దొప్పలో పట్టుకుని, ఎండ ఎక్కకముందే ఛత్రినాకలోని తన ఇంటికి చేరుకోవాలి. ఇంతకన్న తేలిక పని లేదు. అయితే సుశీలమ్మ ఏ పనికి బయలుదేరినా సందు మలుపు దాకా వెళ్లి ఒకసారి వెనక్కి వచ్చేది. దీపం పడి చాపకు అంటుకున్నదేమో, బావి గట్టు మీద కోడలి కాలు జారిందేమో, కార్ఖానాలో కొడుక్కి ఏదైనా జరిగి ఎవరైనా కబురు తెచ్చి తలుపు కొడుతున్నారేమో. ఇన్నేళ్లలో దీపం ఎన్నడూ పడలేదు. పడలేదు కనుక పడే రోజు దగ్గరికి వచ్చిందని ఆమె లెక్క.

కొద్దిరోజులుగా ఆమెకు ఇంకో భయం కూడా పట్టుకున్నది. కొడుకు అంజన్‌కు మలక్‌పేట అవతల కార్ఖానా క్వార్టరు రాశారని పాలు పోసే ఎల్లయ్య చెప్పాడు. పాలవాడికి తెలిసిన మాట తల్లికి చెప్పలేదు కొడుకు. కోడలు రాజమణి కూడా చెప్పలేదు. ఉన్నది ఒక్క కొడుకు. వాడు వేరు కాపురం పెడితే ఇక తెల్లవారి లేచి ఎవరి కోసం భయపడాలి? వాడంతట వాడు పోయే పిల్లవాడు కాదు. ఎవరో తీసుకుపోతున్నారు. ఇంట్లో ముగ్గురే ఉన్నప్పుడు ఆ ఎవరో ఎవరన్నది పెద్ద చిక్కు ప్రశ్నేమీ కాదు.

అలవాటు ప్రకారం మలుపు దాకా వెళ్లి తిరిగి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. చలి పొద్దు, వాడలో ప్రతి ఇంటి మీదా పొగ ఉంది, ఒక్క తన ఇంటి మీద లేదు. సుశీలమ్మ చెప్పులు చేత పట్టుకుని కిటికీ రెక్క సందులోంచి చూసింది.

లోపల రాజమణి, పక్కింటి రాహేలు నేల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. రాహేలు గుండయ్య భార్య, వాళ్లు క్రైస్తవులు. తెల్లవారితే వాళ్ల పండుగ. పండుగ పని తన ఇంట్లో పెట్టుకుని పొద్దున్నే ఇక్కడేం చేస్తున్నట్టు? ఇద్దరి మధ్యా పెద్ద పళ్లెం. అందులో నల్లటి పొడి. రాజమణి దాంట్లో తెల్లటి ముద్ద ఏదో కలిపి పిసుకుతున్నది. రాహేలు నిమ్మకాయంత ఉండలు చేసి వరుసగా పెడుతున్నది. పొయ్యిలో నిన్నటి బూడిద తీసినట్టు కూడా లేదు.

"ఒక్కటి నోట్ల వడ్డదంటే సాలు, మైనం లెక్క కరుగుతడు," అన్నది రాహేలు.

"కరిగినంక ఇంటి ముచ్చట తీయాలె. గప్పుడు కాదంటడా, వదినా?"

"ఎట్లంటడు. మీ అత్తమ్మకు మాత్రం తెల్వనియ్యకు."

"తెలిస్తే ఇంకేమన్నున్నదా," అన్నది రాజమణి.

సుశీలమ్మ చేతిలోంచి ఒక చెప్పు జారింది. కుక్క అనుకున్నారు కాబోలు, లోపలివాళ్లు లేవలేదు.

ఆమెకు తెలిసినంతలో తీపి అన్నాక పాకం పట్టాలి, నెయ్యి కాగాలి, పిండి వేగాలి. నిప్పు చూడని తీపి ఏ ఇంట్లోనూ ఎన్నడూ చేయలేదు. తలుపు వేసుకుని, నిప్పు తగలకుండా చేసేది ఒక్కటే: మందు. మొగుణ్ణి కొంగుకు కట్టుకోవాలనుకునే వాళ్లు తిండిలో కలిపి పెట్టే మందు. తిన్నవాడు పెట్టినవారి మాట జవదాటడు. నిప్పు తగిలితే దాని గుణం పోతుందని సుశీలమ్మ తల్లి ఎన్నోసార్లు చెప్పింది.

కాసేపు ఆగి, అప్పుడే గుడి నుంచి వచ్చినట్టు దగ్గుతూ లోపలికి వెళ్లింది. పళ్లెం మీద గంప బోర్లించి ఉంది. రాహేలు "పొయ్యొస్త, పెద్దమ్మా," అని ముఖం తిప్పుకుని వెళ్లిపోయింది. రాజమణి బిందె తీసుకుని బావి దగ్గరికి నడిచింది. ప్రసాదం ఏదని కూడా అడగలేదు. సుశీలమ్మ గంప లేపి, ఒక ఉండను కొంగున ముడి వేసుకుని మొఘల్‌పురా దారి పట్టింది.

అక్కడ రుక్మాబాయి ఉంటుంది. పొట్ట నిమిరి, గొంతులోంచి మందు తీయడంలో ఆమెకు పెద్ద పేరు. సుశీలమ్మ చెప్పినదంతా విని ఉండను వెలుతురులో పెట్టి తిప్పి చూసింది.

"పొయ్యి మీద వెట్టిన్రా?"

"పొయ్యి ముట్టియ్యనే లేదు, రుక్మక్కా."

"తలుపేసుకున్నరా?"

"ఏసుకున్నరు. నాకు తెల్వొద్దనుకున్నరు. ఈ చెవులతోనే విన్న."

రుక్మాబాయి ఉండను వాసన చూసింది. గోరుతో గిల్లి నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకున్నది. ఇంకాస్త గిల్లింది. ఆ తర్వాత మిగిలినదంతా నోట్లోకి వెళ్లింది.

"మందే," అన్నది మింగి. "గట్టి మందు. గిసొంటిది నేను ఇంతవరకు సూడలే. ఇంకోటి తెచ్చినవా?"

"లేదక్కా. నువ్వు తిన్నవు గద, నీకేం గాదా?"

"మందులు తిని తిని నా కడుపు మొద్దువారింది. నా ఫికర్ జెయ్యకు."

"పారేస్తే పోదా మరి?"

"పారేస్తే కుక్క తింటది. గా కుక్క మీ కోడలెంబడి తిరుగుతది. మందు యాడికి వోదు. కన్నతల్లి తింటే కొడుక్కు తాకదు. గదొక్కటే ఇరుగుడు."

"అన్ని తినాల్నా?"

"ఒక్కటి మిగిలినా మిగిలినట్టే."

"నాకేమైతది, అక్కా?"

"నీకేమైతది. పానానికేం గాదు. కోడలు ఏం జెప్తే గది ఇంటవ్, గంతే."

ప్రాణం పోతుందని చెప్పినా సుశీలమ్మ అంతగా వణికేది కాదు. ఇంటికి నడుస్తూ దారి పొడుగునా ఆ రాబోయే కాలాన్ని తలుచుకున్నది. కోడలు కూర వండమంటే వండటం, కూర్చోమంటే కూర్చోవడం, కోడలి పుట్టింటి వాళ్లను పొగడటం. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా కొడుకు కోసం తల్లి కాకపోతే ఎవరు చేస్తారు?

ఆమె వచ్చేసరికి రాజమణి ఇంట్లో లేదు. పళ్లెం మీద కప్పడానికి రంగు కాగితం కోసం రాహేలు ఇంటికి పోయింది. ఉండలకు ఇప్పుడు ఎండు కొబ్బరి పొడి అద్ది ఉంది. నలుపు కనిపించకుండా ఎంత జాగ్రత్త పడ్డారో చూడమని సుశీలమ్మ తనలో తాను అనుకున్నది. రాముని పేరు తలుచుకుని, కళ్లు గట్టిగా మూసుకుని మొదటిది నోట్లో వేసుకున్నది.

మందు చేదుగా ఉంటుందనుకున్నది. అది వెన్నలా కరిగిపోయింది. రెండోది జాగ్రత్తగా నమిలింది, దాంట్లో ఏమేం కలిపారో పట్టుకుందామని. ఎండు ద్రాక్ష తగిలింది. కోవా తగిలింది. ఎంత మోసం, మనిషి అనుమానపడకుండా కోవా కూడా వేశారు. మూడోది కొడుకు కోసం తిన్నది, నాలుగోది కూడా కొడుకు కోసమే. పళ్లెం సగమయ్యాక మాత్రం నిజం చెప్పాలంటే కొడుకు గుర్తుకు రాలేదు. చివరికి పళ్లానికి అంటిన కొబ్బరి పొడి కూడా వేలితో తీసి, పళ్లెం మీద గంప బోర్లించి, మూలన గోడకు ఆనుకుని కూర్చుని, మందు ఎక్కడ మొదలవుతుందోనని ఒంట్లో వెతుక్కోసాగింది.

రాజమణి రంగు కాగితంతో వచ్చి గంప ఎత్తింది. పళ్లెం చూసింది. గంప లోపల చూసింది. వెనకే వచ్చిన రాహేలు వైపు చూసింది.

"వదినా, ఈ పళ్లెం సంగతి నీకూ నాకే గద తెలిసింది."

"అంటే?"

"ఏమనలే. తెలిసింది మనిద్దరికే అంటున్న."

"అంటే నేను తిన్ననంటవ్."

"గంత మాటెందుకంట. నేను మీ ఇంట్ల కాగితం ఏరుకుంటుంటే నువ్వొక్కదానివే బయటికి పోయినవ్ అంటున్న."

"మా ఇంట్ల పండుగకు డబ్బాలు నిండి మూత వడ్తలేవు," అన్నది రాహేలు. "నీ లడ్డూలకు నేను మొఖం వాచి ఉన్ననా? నేర్పినందుకు నాకు మంచిగనే అయింది. ముందు నీ పెనిమిటిని అడుగు. పొద్దుగాల పళ్లెం ఎక్కడ పెడ్తరని రెండుసార్లడిగిండు."

"ఆయన మీదికి తోస్తున్నవా?"

"నువ్వు నా మీదికి తోస్తలేవా?"

లొల్లికి గోడ అవతల నుంచి ఇద్దరు ముగ్గురు తొంగి చూశారు. సరిగ్గా అప్పుడే అంజన్ కార్ఖానా నుంచి వచ్చాడు. కొత్త టోపీ చంకలో ఉంది. "పళ్లెం తయారైందా? దొర ఇంటికి పోయే యాళ్లయితున్నది," అన్నాడు. ఖాళీ పళ్లెం చూశాడు. తర్వాత మూలన కూర్చున్న తల్లిని చూశాడు. ఆమె మూతి చుట్టూ కొబ్బరి పొడి తెల్లగా మెరుస్తున్నది.

"అవ్వా," అన్నాడు మెల్లగా, "ఏం తిన్నవే?"

"తిన్న," అన్నది సుశీలమ్మ లేచి నిలబడి. "అన్ని నేనే తిన్న. నీ పెండ్లాం నీకు మందు వెడ్తుంటే కన్నతల్లి సూసుకుంట కూసుంటదా? నన్నిడిసిపెట్టి నిన్ను క్వార్టర్‌కు తీస్కపోదామని తలుపేసుకుని చేసిన మందు. నాకైతే అయింది గాని నువ్వు బతికినవ్, బిడ్డా."

అంజన్ అక్కడే గడప మీద కూలబడ్డాడు. "మందు గాదే, అవ్వా. దొరకు డాలీ."

పండుగకు కింది వాళ్లు పై అధికారికి పళ్లెం పట్టుకుపోవడాన్ని డాలీ అంటారు. కార్ఖానా ఫోర్‌మన్ దొర అంజన్‌కు క్వార్టరు రాసేశాడు. రాసినాక పోనంటే నౌకరి మీదికి వస్తుంది. డాలీ ఇచ్చి, దొర మెత్తబడ్డ సమయం చూసి, ముసలి తల్లిని వదిలి రాలేనని, ఉన్న ఇంట్లోనే ఉండనివ్వమని అడుక్కోవాలని మొగుడూ పెళ్లాం అనుకున్నారు. యుద్ధం మూలాన చక్కెర కంట్రోలులో పడింది, మిఠాయి చేసే దారి లేదు. బేకరీ నల్ల కేకుల్లో తీపి ముందే ఉంటుంది కనుక వాటిని పొడి చేసి, కోవాతో పిసికి, ఉండలు చుడితే దొర ఇంటి మిఠాయిలాగే ఉంటుందని రాహేలు చెప్పింది.

"మరి నాకెందుకు చెప్పలే?"

"క్వార్టర్ మాట వింటే నువ్వు ఆ పొద్దే అన్నం మానేస్తవని," అన్నాడు అంజన్.

"నైట్ డ్యూటీకి ఆయన పోతే ఆడ నేనొక్కదాన్నే ఎట్లుండాలె, అత్తమ్మా," అన్నది రాజమణి. "మీరుంటే తలుపు చప్పుడైనా దిగ్గున లేస్తరు. నాకు గదే ధైర్యం."

సుశీలమ్మ కోడలిని ఎగాదిగా చూసింది. "గట్లయితే పొయ్యి ఎందుకు ముట్టియ్యలే? తలుపెందుకు ఏసుకున్నవ్?"

రాజమణి తల వంచుకున్నది. "కేకులల్ల గుడ్లు వడ్తయి, అత్తమ్మా. ధనుర్మాసంల మీ పొయ్యి మైల వడొద్దని ముట్టియ్యలే."

మిగతా నెలల్లో సంగతి ఎలా ఉన్నా, ఈ నెలలో ఆ ఇంట్లోకి గుడ్డు రాదు. వచ్చింది వచ్చినట్టు పొయ్యిని తప్పించుకుని నేరుగా సుశీలమ్మ కడుపులోకి పోయింది. ఆమె బావి దగ్గరికి వెళ్లి, ఆ చలిలో బిందె వెంట బిందె నెత్తిన పోసుకున్నది. గుడ్డు గురించి ఆమెకు పెద్దగా బాధ లేదు. రాముడు అర్థం చేసుకుంటాడు. కొడుకు ఇంట్లో ఉండటానికి చేసిన పళ్లాన్ని తన చేతులతో తానే ఖాళీ చేసిందన్న మాట మాత్రం ఎన్ని నీళ్లు పోసుకున్నా దిగలేదు.

అంజన్ ఉత్త చేతులతో దొర ఇంటికి బయలుదేరాడు. దీపాలు పెట్టేదాకా ముగ్గురు ఆడవాళ్లూ అరుగు మీద కూర్చున్నారు. నౌకరి పోయి ఉంటుందని సుశీలమ్మ ముందు అనుకున్నది. తర్వాత దొర జవాన్లతో కొట్టించి ఉంటాడని అనుకున్నది. చివరికి అంజన్ సందు మలుపులో కనిపించాడు. నడకలో తేడా లేదు. దగ్గరికి వచ్చాక చూస్తే నవ్వు ఆపుకుంటున్నాడు.

"వరండ నిండా గంపలే," అన్నాడు కూర్చుని. "దొర నా చేతులు సూసిండు. నా ఎనక కూలి ఎవడన్న మోస్తున్నడేమోనని సూసిండు. నీ డాలీ ఏదన్నడు. మా అవ్వ తిన్నది సాబ్ అన్న."

"గట్లనే చెప్పినవా?" అన్నది రాహేలు.

"ఇంకేం చెప్పాలె. నేను మజాక్ చేస్తున్ననుకున్నడు. మొఖం ఎర్రగైంది. క్లర్కును పిలిచి, ఇస్కు క్వార్టర్ నక్కో, పేరు కొట్టెయ్యి అన్నడు. గింత పొగరున్నోడు గా మట్టి ఇంట్లనే పడి ఉండాల్నట."

రాజమణి నోటికి చేయి అడ్డం పెట్టుకున్నది. "మరి గా క్వార్టర్ ఎవరికిచ్చిండు?"

"నాతోని పనిచేసే వైకుంఠానికి. పాపం, వాడు గూడ పోనని చెప్పుకుందామనే గంపెడు సంత్ర పండ్లు మోసుకొచ్చిండు. దొర మస్తు ఖుష్ అయి, తన బంగ్లా పక్క క్వార్టరే రాసిచ్చిండు. వాడు గేటు కాడ కూసుని ఏడుస్తున్నడు."

రాహేలు, రాజమణి ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. లడ్డూలు దొర నోట్లో పడి, దొర మైనంలా కరిగి ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఇద్దరూ సుశీలమ్మ వైపు తిరిగారు.

"పెద్దమ్మా, మంచిగ తిన్నవ్," అన్నది రాహేలు.

"నేను తినాలనే తిన్న," అన్నది సుశీలమ్మ తడి జుట్టు ముడి వేసుకుంటూ.

కొడుకు ఇల్లు కదలడన్న నిమ్మళం ఆమెకు పడక వేసుకునేదాకా ఉన్నది. ఆ తర్వాత, ముక్కూ మొహం తెలియని ఆ దొర తనకు ఇంత మేలు ఎందుకు చేశాడోనని అనుమానం మొదలైంది.