తప్పుల నోటుపుస్తకం కేసు

"వదినా, ఇక నిశ్చింతగా ఉండు. లోహా పట్టణంలో నేరానికి నూరేళ్లూ నిండాయి. నేనొచ్చేశాను," అన్నాడు ఆర్కిమెదెస్, గుమ్మానికి తల కొట్టుకుంటూ.

సొయిలాకి నిశ్చింత కలగలేదు. ఆమె మరిది గడియారాలు బాగుచేస్తాడు. బాగుపడ్డవాటికంటే ఆగిపోయినవే ఎక్కువ. అపరాధ పరిశోధన అతని సరదా. అందులోనూ అంతే. కానీ డిసెంబరు ముప్ఫై ఒకటి మధ్యాహ్నం ఈక్వడార్‌లో పోలీసులు మాత్రం ఎక్కడ దొరుకుతారు?

పోయింది నల్ల అట్ట నోటుపుస్తకం. పద్దెనిమిదేళ్లుగా ఆమె దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్ల తప్పులన్నీ అందులో ఉన్నాయి. వయసు అడిగితే 'నా దగ్గర ముప్ఫై ఏళ్లున్నాయి' అన్నవాళ్లు, స్కూలును 'ఇస్కూలు' చేసినవాళ్లు, వాక్యంలో కర్తను మింగేసినవాళ్లు, అందరూ ఉన్నారు. రెండో తారీఖున అది కిటోలో అచ్చుకు వెళ్లాలి. నకలు లేదు.

"ఆఖరిసారి ఎక్కడ చూశావు?"

"ఈ బల్ల మీదే, పొద్దున. నా దగ్గర చదివే నార్సీసా, సెగుందో వచ్చారు. పెరట్లో బొమ్మ తయారుచేస్తున్నారు. వెళ్లి అడిగితే పోదూ?"

"అడగడమా? కేసు వివరాలు నిందితులకు తెలియనివ్వకూడదు వదినా. నువ్వు నోరు మెదపకు."

భూతద్దం తీసి బల్ల మీదికి వంగాడు. ఎవరో వదిలేసిన హోంవర్కు కాగితం దొరికింది. 'ఈజ్ వెరీ ఇంపార్టెంట్' అని ఉంది.

"చూశావా? కర్త లేడు. పరారీలో ఉన్నాడు. దీన్ని రాసినవాడే దొంగ."

"ఈ ఊళ్లో ఎవరు రాసినా అలాగే రాస్తారయ్యా. స్పానిష్‌లో కర్తను చెప్పక్కర్లేదు, ఆ అలవాటే ఇంగ్లీషులోనూ వస్తుంది."

ఆర్కిమెదెస్ గొంతు తగ్గించాడు. "అయితే ఇది పెద్ద ముఠా."

పెరట్లో, ఏటా ఆఖరి రాత్రి ఊరంతా తగలబెట్టే పాత సంవత్సరం బొమ్మ, గుండీల కళ్లతో, ముసలాడి వేషంలో కుర్చీలో దర్జాగా కూర్చుని ఉంది. హోటల్లో పనిచేసే నార్సీసా దానికి చొక్కా కుడుతోంది. మాంసం కొట్టు సెగుందో టోపీ పెడుతున్నాడు.

"వాన పడుతోంది. ఇంగ్లీషులో చెప్పు," అన్నాడు ఆర్కిమెదెస్ ఉరుములా.

నార్సీసా ఆకాశం వైపు చూసింది. ఎండ కాస్తోంది. "ఈజ్ రెయినింగ్."

"దొరికావు. నువ్వు చెప్పవోయ్."

"ఈజ్ రెయినింగ్," అన్నాడు సెగుందో.

"నువ్వూ దొరికావు."

"నువ్వు కూడా ఒకసారి చెప్పు బాబూ," అంది సొయిలా.

"ఈజ్ రెయి..." ఆగిపోయాడు. క్షణంపాటు తనని తానే అనుమానంగా చూసుకున్నాడు.

"అసలేం పోయింది టీచరుగారూ?" అడిగింది నార్సీసా.

"చెప్పకు వదినా," అంటూ ఆర్కిమెదెస్ చెయ్యెత్తాడు. "ఆ కరుడుగట్టిన నేరస్థుడు ఇక్కడే ఉన్నాడు. మన మధ్యే ఊపిరి పీలుస్తున్నాడు." ఆ మాటకు తగిన ఠీవితో రెండడుగులు వెనక్కి వేసి, బొమ్మ ఒళ్లో కూలబడ్డాడు.

కుర్చీ విరిగింది. బొమ్మ పొట్ట పగిలింది. రంపపు పొట్టు, పాత పేపర్లు, వాటి మధ్య నల్ల అట్ట.

సొయిలా ఒక్క ఉదుటున వెళ్లి పుస్తకాన్ని అందుకుంది. పొట్టు దులిపి గుండెకి హత్తుకుంది.

"ఇందులో ఎవరు పెట్టారర్రా?"

"మేమే," అన్నాడు సెగుందో అమాయకంగా. "ఈ ఏటి తప్పులు ఈ ఏటితోనే పోవాలని నిన్న మీరే అన్నారుగా. బొమ్మతో కాల్చందే ఏదైనా పోతుందా టీచరుగారూ?"

తిట్టడానికి నోరు తెరిచింది. వాళ్ల ముఖాలు చూసి నవ్వేసింది. ఊరంతా అలాగే వదిలించుకుంటుంది, కష్టాల్ని, అప్పుల్ని, పాత ప్రేమల్ని.

"అంతా ముందే లెక్కగట్టాను. అందుకే సరిగ్గా అక్కడ కూర్చున్నాను," అన్నాడు పొట్టులోంచి ఆర్కిమెదెస్.

కాల్చేముందు బొమ్మ పేరిట వీలునామా చదవడం ఆనవాయితీ. సెగుందో రాత్రిదాకా ఆగకుండా జేబులోంచి కాగితం తీసి, పెన్సిల్‌తో రెండు ముక్కలు గిలికి, పోబోయే ముసలాడి గొంతుతో చదివాడు:

"సొయిలా టీచరుగారికి వీళ్ల తప్పులన్నీ, ఒక్కటీ తగ్గకుండా వదిలి వెళుతున్నాను. డిటెక్టివ్ గారికి నా గుండీ కళ్లు రెండూ. వాటితో ఆయనకంటే నాకే బాగా కనిపించింది."