వీధిపోటు రద్దు

జగ్గయ్యపేట ప్రజలకు శుభవార్త. వచ్చే సోమవారం నుంచి మన బ్లాకులో వీధిపోటు ఉండదు. సమితి ప్రెసిడెంటు తిరుపతిరావుగారు తీర్మానం పెట్టి, ఏకగ్రీవంగా నెగ్గించి, దాన్ని రద్దు చేశారు. "కృష్ణకు అడ్డంగా అంత ఆనకట్ట కడుతున్న రోజుల్లో వీధిపోటేమిటండీ?" అని ఆయన బల్ల గుద్దితే బీడీవోగారి కాఫీ ఒలికిందట. అంతటి సంస్కర్త.

ఆ సంస్కరణ మొదట నా మీదే పడింది.

నేను రిటైరైన మాస్టర్ని. భార్య పోయింది. ఉంటున్న అద్దె ఇల్లు క్రిస్మస్‌లోగా ఖాళీ చెయ్యమన్నారు. నా దగ్గరున్న సొమ్ముకు ఊళ్ళో దొరికేది ఒక్కటే, దుర్గాంబగారి పాత పెంకుటిల్లు. వీధి తిన్నగా వచ్చి దాని గుమ్మానికి తగులుతుంది కనక సగం ధరకిస్తానన్నా కొనేవాళ్ళు లేరు. నాకు మాత్రం, వీధి పొడుగునా నడిచొచ్చిన గాలి ఆ గుమ్మంలోంచి నట్టింట్లోకి రావడం, ఎవరో పలకరించిపోవడానికి వచ్చినట్టు అనిపించింది. ధర మాట్లాడుకున్నాం.

తీర్మానం జరిగిన మర్నాడు వెళ్తే దుర్గాంబగారు మంచినీళ్ళిచ్చి, "ఆ ధరకు రాదు మాస్టారూ" అన్నారు. "పోటు తీసేశారంటగా. ఇప్పుడిదీ అందరిళ్ళలాంటిదే. అందరిళ్ళ ధరే."

"వీధి అక్కడే ఉంది కదమ్మా. పోటు ఎక్కడికి పోతుంది?"

"గవర్నమెంటోళ్ళే తీసేశాక, ఉందనడానికి మీరెవరు, నేనెవర్ని?"

నేరుగా ప్రెసిడెంటుగారి దగ్గరికి వెళ్ళాను. "మీవల్ల ఇల్లు చెయ్యిజారిపోయేట్టుందండీ" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "అప్పుడే రేటు పెరిగిందా! బీడీవోగారూ, రిపోర్టులో రాయండి. మూఢనమ్మకం పోతే ఆస్తి విలువ పెరుగుతుందని. చూడండి వరప్రసాదరావు మాస్టారూ, మీలాంటి చదువుకున్నవాళ్ళే కాస్త త్యాగం చెయ్యాలి."

"నాకు ఉండడానికి ఇల్లు లేదండీ."

"త్యాగమంటే అదేగా మరి!"

అంతటితో ఆగే మనిషి కాదు. సోమవారం ఆ ఇంటి గుమ్మంలోనే, వీధికి ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చుని, దండ వేయించుకుని, పోటు లేదని రుజువు చేస్తానని టముకు వేయించారు. నందిగామ నుంచి బ్యాండుమేళం వచ్చింది. ఊరంతా వచ్చింది. జీపు కూడా వచ్చింది. అయితే వీధిలోంచి కాదు, వెనక సందులోంచి. ప్రెసిడెంటుగారు గొడ్లసావిడి దాటుకుని పెరటి గుమ్మంలోంచి లోపలికి దయచేశారు.

"అదేంటి బాబూ, పేడ తొక్కుకుంటా అటేపు నుంచొచ్చారు? వాకిలి ఇటుందిగా?" అన్నారు దుర్గాంబగారు.

"ప్రజాసేవకుడికి వాకిలైనా పెరడైనా ఒకటేనమ్మా!"

జనం ఈలలు వేశారు. ఎంత వినయం!

గుమ్మంలో కుర్చీ సిద్ధంగా ఉంది. ఆయన దాన్ని దూరం నుంచే చూసి, "ఎండగా ఉందే" అన్నారు. ఆ పూట మబ్బు పట్టింది. "బీడీవోగారూ, ముందు మీరు కూర్చోండి. నాకెప్పుడూ ఉండేదే. అధికారులకూ అవకాశం ఇవ్వాలి."

"ఆర్డరు లేకుండా ఎలాగండీ?" అన్నారు బీడీవోగారు. తర్వాత గొంతు తగ్గించి, "మా ఆవిడకు నెలలు నిండాయండీ" అని, పక్కనున్న గ్రామసేవకుడు సొలొమోను వైపు చూశారు.

సొలొమోను చేతులు కట్టుకున్నాడు. "కూచోమంటే కూచుంటానండీ. కానీ మేం చర్చికి పోయేవాళ్ళం. నాకసలు పోటు మీద నమ్మకమే లేదు. నమ్మకం లేనోడు కూచుంటే రుజువేముందండీ?"

"పాయింటే" అన్నారు ప్రెసిడెంటుగారు.

తెచ్చిన దండ వాడిపోతోంది. చివరికి దాన్ని ఖాళీ కుర్చీకి వేయించి, తాను గోడవారన నిలబడి ఉపన్యాసం అందుకున్నారు. బ్యాండువాళ్ళు కుర్చీకి ఎదురుగా నిలబడి గౌరవంగా వాయించారు.

దుర్గాంబగారు కుర్చీ వంక చూశారు. గోడవారనున్న పెద్దమనిషి వంక చూశారు. కొంగు సవరించుకుని మెల్లిగా నా పక్కకొచ్చారు.

"మాస్టారూ, మనం మొదట అనుకున్న ధరే. రేపే రిజిస్ట్రీ పెట్టించండి."

"ఈనాటితో ఈ ఇంటికి పట్టిన పీడ వదిలింది!" అంటున్నారు ప్రెసిడెంటుగారు. "ఇక దీని విలువ ఎక్కడికి పోతుందో చూస్తూండండి!"

అందరికంటె గట్టిగా నేనే చప్పట్లు కొట్టాను.