ఎదురింటి ఫ్లాష్

ఆ రోజు పొద్దున్న సుమన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగి, స్టేషన్ దగ్గరి కెమెరా దుకాణానికి వెళ్లి, ఫ్లాష్‌కు ఒక వైర్‌లెస్ ట్రిగ్గర్ కొనుక్కొని, ఎండ ముదిరేలోగా సూరత్ గోడాదరాలోని ఇంటికి తిరిగొచ్చి చీరల ఫోటోలు మొదలుపెట్టడం. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదు. కానీ అప్పటికే తండ్రి మార్కండేయ నిద్ర లేచి ఉన్నాడు.

మార్కండేయది మరమగ్గాల మీద అరిగిన ఒళ్లు, అనుమానం మీద పెరిగిన బుద్ధి. కరోనా వచ్చిన కొత్తలో ఊరంతా సబ్బుతో చేతులు కడుక్కుంటే, ఆయన ముందు ఆ సబ్బును కడిగేవాడు.

"తీగ లేకుంట లైటెట్ల వెలుగుతదిర?" అన్నాడు, టీ గ్లాసు కింద పెట్టి.

"రేడియో లెక్క బాపూ. కెమెరా మీదొకటి పెడ్తం, ఫ్లాష్ కిందొకటి పెడ్తం. బటన్ నొక్కంగనే ఇది చెప్తది, అది ఇంటది."

"ఇంకెవలన్న ఇంటే?"

సుమన్ నవ్వాడు. నవ్వకుండా ఉండవలసింది.

మగ్గాలు ఆగిపోయి, మళ్లీ తిరగడానికి మొరాయిస్తున్న రోజులవి. లాక్‌డౌన్ ఎత్తేసినా బయటి ఊళ్ల నుంచి కొనేవాళ్లు సూరత్‌కు రావడం లేదు. చీరలన్నీ ఫోన్లలో ఫోటోలుగానే అమ్ముడుపోతున్నాయి. అంతకుముందు సెలవుల్లో పెళ్లి ఫోటోగ్రాఫర్ల వెనక లైటు పట్టుకున్న అనుభవంతో సుమన్ ఒక పాత కెమెరా, ఒక ఫ్లాష్ సంపాదించాడు. చీరల బజారు సలాబత్‌పురాలో హస్ముఖ్ భాయ్ అనే సేఠ్ అతన్ని నమ్మీ నమ్మక ఒక కట్ట చీరలిచ్చాడు. ఫోటోలు నచ్చితే దీపావళి సీజన్ పనంతా అతనిదే. నచ్చకపోతే మళ్లీ మగ్గం, అదీ దొరికితే. ఇంకో షరతు కూడా ఉంది. సేఠ్ నుంచి కొనేవాళ్లకు మెసేజ్ వెళ్లకముందే ఒక్క డిజైన్ బయటపడినా, సుమన్‌కు ఈ బజారులో చేతిరుమాలు కూడా ఎవరూ ఇవ్వరు. పొద్దున చూసిన చీరకు సాయంత్రానికి నకలు దింపే ఊరు మరి.

ఫ్లాష్‌ను కెమెరా మీదే పెట్టి తీస్తే జరీ అంచు స్టీలు గిన్నెలా తెల్లబోయింది. పక్కకు జరిపి తీగతో కలిపితే, చీర కట్టుకుని నిలబడ్డ భార్య ప్రసన్న ఆ తీగ తట్టుకుని రెండుసార్లు బోర్లా పడబోయింది. అందుకే ఈ ట్రిగ్గర్.

దుకాణదారు బల్ల మీద మూడు రకాలు పరిచాడు. మొదటిదానికి తెర ఉంది, పేరు ఉంది, సుమన్ కెమెరాను మించిన ధర ఉంది. రెండోది దానికి తమ్ముడు. మూడోదానికి పేరూ లేదు, ఊరూ లేదు. సుమన్ తెలివిగానే ఆలోచించాడు. తనకున్నది ఒక గది, ఒక ఫ్లాష్. తీసేది పరుగెత్తే గుర్రాన్ని కాదు, నిలబడ్డ చీరను. వెలుతురు ఎంత కావాలో ఫ్లాష్ మీద చేత్తోనే తిప్పుకోగలడు. నొక్కినప్పుడల్లా వెలిగితే చాలు. అందుకని మూడోదే తీసుకున్నాడు. దుకాణదారు ఒక్కటే చెప్పాడు: "పక్కనున్న ఈ చిన్న స్విచ్చులు కదపొద్దు. కదిపితే వాపసు తీసుకోను." వాపసు మాట వినగానే సుమన్ ఆ స్విచ్చులను కంటితో కూడా తాకలేదు.

"గంత అగ్గువకెందుకిచ్చిండు? దొంగమాలా?" అన్నాడు మార్కండేయ, డబ్బా వాసన చూసి.

ప్రసన్నను కిటికీ పక్కన నిలబెట్టి సుమన్ పని మొదలుపెట్టాడు. వాళ్ల కిటికీకీ ఎదురింటి కిటికీకీ మధ్య సందు ఎంత సన్ననిదంటే, ఇక్కడ తాలింపు వేస్తే అక్కడ తుమ్ముతారు. మొదటి ఫోటోలు పంపిన వెంటనే సేఠ్ "బహుత్ బఢియా" అని జవాబిచ్చాడు. సుమన్ గాల్లో తేలాడు. అతన్ని కిందికి దించింది ప్రసన్న.

"గిటు సూడుండ్రి. మన లైటు కొట్టినప్పుడల్ల ఎదురింట్ల గూడ లైటు కొడ్తుంది."

సుమన్ నొక్కాడు. ఎదురింటి కిటికీలో తళుక్కుమంది. మరుక్షణం బనియను వేసుకున్న ఒకాయన కిటికీ దగ్గరికి పరుగున వచ్చి, మాస్కు కిందికి లాగి, చెయ్యి పైకెత్తి, మళ్లీ లోపలికి పోయాడు.

"సైగ చేస్తుండు!" అన్నాడు మార్కండేయ. "కింద ఇంకొకడున్నడు. మన డిజైన్లు ఫోటో గుంజి వానికి ఖబర్ ఇస్తుండు."

"మనం నొక్కినప్పుడే ఆయనకెట్ల తెలుస్తది బాపూ?"

"అదే కద హుషారు! మన వెలుతురుల వాని ఫోటో."

పరీక్ష చేద్దామని చీరలన్నీ దాచేసి, మార్కండేయ స్వయంగా గళ్ల లుంగీతో కిటికీ పక్కన నిలబడ్డాడు. సుమన్ నొక్కాడు. ఎదురుగా తళుక్కు. బనియను మనిషి రావడం, చెయ్యి ఎత్తడం.

"నా లుంగీని గూడ ఇడుస్తలేడు!" అని మార్కండేయ చప్పున కూర్చున్నాడు.

కిటికీకి మందపాటి దుప్పటి బిగించారు. చిరుగులోంచి చూస్తే అవతల వెలుగు ఆగలేదు. పైగా అన్నం తింటుండగా, కెమెరాను ఎవరూ ముట్టకుండానే సుమన్ ఫ్లాష్ తనంతట తానే వెలిగింది. మార్కండేయ ముద్ద పళ్లెంలోకి జారింది. "మన లైటు గూడ వాడుకుంటుండ్రా! సెల్లులు మనయి, ఫోటో వానిది!"

ఎదురింటికి పోయి అడుగుదామంటే తలుపుకు క్వారంటీన్ కాగితం అంటించి ఉంది. సొసైటీకి పెద్ద అయిన ప్రముఖ్‌ను ఫోన్ చేసి పిలిస్తే, కాగితం ఊడాక మాట్లాడదామని చెప్పి, మాట్లాడిన ఫోన్‌కు కూడా శానిటైజర్ పూశాడు. "కాగితం ఒట్టి నాటకం," అని మార్కండేయ తేల్చాడు. "లోపట దుకాణమే పెట్టిండు."

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతానికి దుప్పటి కప్పితే ఏమైందో సేఠ్ ఫోన్ చేసి చెప్పాడు. మొదటి ఫోటోల్లో జరీ బంగారంలా ఉందట, తర్వాతివాటిలో బూడిదలా ఉందట. "ఎవరితో తీయిస్తున్నావ్? నా చీరలు ఎవరి చేతికిచ్చావ్? నేనే వస్తున్నా," అన్నాడు హిందీలో. సుమన్ రెండు రకాల ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూశాడు. అదే గది, అదే ఫ్లాష్, అదే తను. మొదటి ఫోటోల్లో ఆ మెరుపు ఎలా వచ్చిందో దేవుడి తోడు అతనికి తెలియదు. దొంగ సంగతి మాత్రం సేఠ్ చెవిన పడకూడదు, పడితే సీజన్ మొత్తం పోతుంది. ఆ మాటే తండ్రికి నచ్చజెబుదామని చూస్తే ఆయన ఇంట్లో లేడు.

ఆయన సందులో నిలబడి ఉన్నాడు. తల ఎత్తి, మాస్కు దించి, ఎదురింటి కిటికీ వైపు అరుస్తున్నాడు. "డిజైన్ చోర్! దమ్ముంటె బయటికి రా!"

బయటికి రాలేని మనిషిని బయటికి రమ్మనడం చూసి సందంతా గుమిగూడింది. సరిగ్గా అప్పుడే హస్ముఖ్ భాయ్ స్కూటర్ దిగాడు. పేరులో నవ్వు ఉంది గానీ ఆయన ముఖంలో ఎప్పుడూ ఉండదు. ఆ రోజు అసలే లేదు.

"క్యా? డిజైన్ చోర్?"

సుమన్ ఇక దాచలేకపోయాడు. మేడ మీదికి తీసుకెళ్లి జరిగిందంతా చెప్పేశాడు. సేఠ్ దుప్పటిని తనే పీకి పారేసి, ప్రసన్నను చీరతో నిలబడమని, సుమన్‌ను నొక్కమన్నాడు. సుమన్ నొక్కాడు. ఇక్కడ వెలుగు, అక్కడ వెలుగు. బనియను మనిషి పరుగున వచ్చి చెయ్యెత్తాడు. ఈసారి నోరు కూడా తెరిచాడు.

"ఇంట్లనే ఉన్న సార్! ఎటు పోలే! నా మీద కేసు పెట్టకుండ్రి!"

రొప్పుతూ మెట్లెక్కి వచ్చిన మార్కండేయ తెలుగు విని గుమ్మంలోనే ఆగిపోయాడు. "నువ్వు మనోడివా?"

"జగిత్యాల దిక్కు మామా. బ్రహ్మచారి నా పేరు. ఊరికెల్లి వచ్చిన్నని కాగితం అంటిచ్చిన్రు. బయట అడుగు పెడితె కేసంట. మీరేమో పొద్దందాక ఫోటోలు గుంజుతున్నరు. నేను ఇంట్ల ఉన్ననా లేనా అని మీకు డ్యూటీ ఏసిన్రనుకున్న. లైటు పడంగనే వచ్చి హాజరు చెప్తున్న."

"మరి నీ ఇంట్ల లైటెందుకు వెలుగుతుంది?"

"నా మొఖం మంచిగ పడాలని మీరే వెలిగిస్తున్నరనుకున్న."

ఆయన గిల్టు నగలకు ఫోటోలు తీసేవాడు. బల్ల మీద నగలు, వాటికెదురుగా కిటికీ వైపు తిప్పిన ఫ్లాష్, దాని కింద పేరూ ఊరూ లేని ట్రిగ్గర్. అదే దుకాణం, అదే మాట. ఆయన కూడా స్విచ్చులు కదపలేదు. సుమన్ తన ట్రిగ్గర్‌ను మొదటిసారి పక్కకు తిప్పి చూశాడు. ఏ ఛానల్‌లో పిలవాలో, ఏ ఛానల్‌లో వినాలో నిర్ణయించే స్విచ్చులవి. డబ్బాలో వచ్చినవన్నీ ఒకే ఛానల్‌లో ఉన్నాయి. ఎవరు నొక్కినా రెండు ఫ్లాషులూ పలుకుతాయి.

"నా చీరల ఫోటోలు నీ దగ్గర ఉన్నాయా?" అని సేఠ్ అడిగాడు.

"మీ చీరలెక్కడివి సార్, నా గాజులే సరిగ్గ పడ్తలేవు," అన్నాడు బ్రహ్మచారి.

"క్షమించు సేఠ్. ఇప్పుడే ఛానల్ మారుస్తా," అంటూ సుమన్ గోరుతో స్విచ్ కదపబోయాడు.

"ఖబర్దార్!" అని సేఠ్ అతని చెయ్యి పట్టుకున్నాడు. ఆయన కళ్లు కెమెరా తెర మీద ఉన్నాయి. ఇప్పుడే తీసిన ఫోటోలో, కిటికీ లోంచి వచ్చిన ఎదురింటి వెలుగు కొంగు మీద వాలి, జరీ పోగు పోగునా నిప్పు రాజేసింది. దుప్పటి కట్టినప్పటి నుంచి కనబడకుండా పోయిన బంగారం అదే. "ఇదే నాకు కావలసింది. కట్ట మొత్తం ఇలాగే వస్తే సీజన్ పని నీది. ఆ ఎదుటి లైటు లేకపోతే చీరలు వాపసు."

సుమన్‌కు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. రెండో ఫ్లాష్ కొనాలంటే ముందు ఈ పని చేతికి రావాలి. అందుకని నిన్నటి దాకా పోలీసులకు పట్టిద్దామనుకున్న మనిషికి ప్రసన్న కర్ర చివర సంచి కట్టి సర్వపిండి అందించింది. బ్రహ్మచారి ఫ్లాష్‌ను కొంచెం పైకి, కొంచెం పక్కకు జరిపి, అడిగినదల్లా చేశాడు. ఎంత చెప్పినా చెయ్యెత్తడం మాత్రం మానలేదు, అలవాటైపోయిందన్నాడు.

అయితే కట్టలో ఇంకా సగం చీరలు మిగిలి ఉండగానే ఎదురింటి తలుపు మీది కాగితం ఊడింది. బ్రహ్మచారి ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫ్లాష్ సంచి భుజాన తగిలించుకుని కిటికీలోకి వచ్చాడు. వరాఛాలో నగల దుకాణాలు తిరగాలట.

సుమన్ మిగిలిన చీరల వైపు చూశాడు. మార్కండేయ కిటికీ చువ్వలు పట్టుకుని ముందుకు వంగాడు.

"తమ్మీ, కండ్లు ఎర్రగున్నయేందిరా? జరొక్కసారి దగ్గు, నేనింట."

"నాకేం గాలే మామా, టెస్టుల గూడ ఏం రాలే."

"టెస్టులను నమ్ముతరా ఎవలన్న? ఇంకో నాలుగు దినాలు ఇంట్లనే పండుకో. నీ మంచికే చెప్తున్న."

పరాయి మనిషి ఆరోగ్యం గురించి మార్కండేయ అంత శ్రద్ధగా అనుమానపడటం అదే మొదటిసారి.