ఏకగ్రీవంగా ఒంటరివాడు

"ఈ చిత్రానికి దర్శకుడు ఉండడు! పెద్దా చిన్నా తేడా ఉండదు! ప్రతి నిర్ణయమూ ఏకగ్రీవం! సాటి మనిషి మాట వినడమే దీని కథ, వినడమే దీని విధానం!"

దేశానికి ఉత్తరాన, సముద్రం ఒడ్డునున్న సినిమా పాఠశాలలో పంతులమ్మ గున్వోర్ ఇలా ప్రకటించిన సమయానికి, ఆ వినబడబోయే మనిషి తానేనని ఆర్విద్ తాతయ్యకు తెలియదు. పాపం, ఆయన రేవు పక్కన ఆవిరిగదిలో జానెడు తువ్వాలు చుట్టుకుని చెక్కబల్ల మీద కూర్చుని, బోర్యేతో హాకీ గురించి కొట్లాడుతున్నాడు. బడిలో మొదలైన ఆ కొట్లాట ఇద్దరికీ మనవలు పుట్టినా తెమలలేదు.

సాయంత్రం ఆ పాఠశాలలో చదివే మనవరాలు తూవా వచ్చింది.

"తాతయ్యా, మేం నలుగురం కలిసి వృద్ధుల ఒంటరితనం మీద చిన్న సినిమా తీస్తున్నాం. నువ్వే హీరోవి!"

"నేనా? ఒంటరిగా ఉండటానికి నాకు తీరికెక్కడుందే? పొద్దున ఆవిరిస్నానం, మధ్యాహ్నం పేకాట, సాయంత్రమంతా బోర్యేగాడి సోది."

"నటించు తాతయ్యా! ఇది బాగా వస్తేనే నాకు స్టాక్‌హోమ్ కళాశాలలో సీటు."

సీటు అనేసరికి తాతయ్య మెత్తబడ్డాడు. మనవరాలి కోసం ఒక్కరోజు అనాథగా ఉండటానికి ఒప్పుకున్నాడు.

షూటింగు మొదలైంది. తాతయ్యకు టోపీ ఉండాలా వద్దా అన్న మొదటి సమస్య మీద నలుగురూ గుండ్రంగా కూర్చున్నారు. ఒక గుండ్రాయి చేతులు మారింది. అది ఎవరి చేతిలో ఉంటే వారే మాట్లాడాలి, మిగతావారు వినాలి. ఇద్దరు టోపీ అన్నారు, ఇద్దరు వద్దన్నారు. ఒక ఫ్లాస్కు కాఫీ, ఒక పళ్లెం దాల్చినచెక్క బన్నులు ఖర్చయ్యాక ఏకాభిప్రాయం కుదిరింది. టోపీ ఉంటుంది, కానీ చేతిలో ఉంటుంది! గడ్డకట్టిన సముద్రం ముందు బట్టతలతో నిలబడి తాతయ్య ఇదంతా విన్నాడు. ఆయన చేతికి రాయి ఇచ్చినవాడు లేడు.

"ఇంకాస్త దిగులుగా చూడండి," అన్నాడు కెమెరా పట్టిన యాల్మార్. "మీకు ఈ లోకంలో ఎవరూ లేరు."

సరిగ్గా అప్పుడే వెనకనున్న ఆవిరిగది తలుపు తెరుచుకుంది. ఒళ్లంతా పొగలు కక్కుతూ ముగ్గురు ముసలివాళ్లు తువ్వాళ్లతో బయటికి ఉరికారు. ముందు బోర్యే!

"ఒరేయ్ ఆర్విద్! అక్కడ బొమ్మలా నిలబడ్డావేంరా? మంచుగుంటలో నీళ్లు అదిరిపోతున్నాయి, దూకు!"

"కట్!" అని నలుగురూ ఏకగ్రీవంగా అరిచారు. అంత తొందరగా కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే.

మిత్రులను తరిమారు. వాళ్లు మళ్లీ వచ్చారు. మళ్లీ తరిమారు. బోర్యే అలిగి రాళ్ల వెనక కూర్చుంటే, పొగ కనబడుతోందని అక్కడినుంచి కూడా లేపారు. ఒక మనిషిని ఒంటరివాణ్ని చేయడానికి ఇంత శ్రమ పడాలని వాళ్లకు ఆ రోజే తెలిసింది.

సినిమా గ్రంథాలయంలో ఆడింది. చివర నల్లని తెర మీద తెల్లని అక్షరాలు: "ఆర్విద్‌కు ఎవరూ లేరు." హాలంతా ముక్కులు చీదింది. రెండో వరసలో కూర్చున్న బోర్యే ముఖం మాత్రం మాడిపోయింది.

మర్నాడు ఆవిరిగదిలో తాతయ్య చోటులో బోర్యే సబ్బుపెట్టె పెట్టి ఉంది.

"ఇది మిత్రులున్నవాళ్లు కూర్చునే బల్ల," అన్నాడు బోర్యే, పొయ్యి వంక చూస్తూ.

"ఒరేయ్, అది నటనరా!"

"మరి తెర మీద ఆ మాట వెయ్యద్దని ఎందుకు చెప్పలేదు?"

తాతయ్య వచ్చినదారినే వెనుదిరిగాడు. ఇంటికొచ్చి పేకముక్కలు పరుచుకుని, రెండువైపులా తనే ఆడాడు. ఇప్పుడు తీసి ఉంటే నటన అక్కర్లేకపోయేది!

పాఠశాల ఆచారం ప్రకారం సినిమా తీశాక ఆత్మపరిశీలన సభ జరగాలి. ఏం నేర్చుకున్నారో విద్యార్థులు చెప్పాలి. మార్కులు సినిమాకు కాదు, పశ్చాత్తాపానికి. ఊరివాళ్లందరినీ పిలిచారు. మున్సిపాలిటీ నుంచి సంక్షేమాధికారిణి కూడా వచ్చింది. బన్నుల వాసన తగిలి బోర్యే వెనక వరసలో చేరాడు.

నడవలో తాతయ్య తూవా చెయ్యి పట్టుకున్నాడు. "తల్లీ, ఒక్క మాట చెప్పు. తాతయ్యకు మిత్రులున్నారని, మీరే తరిమారని. అంతే. నాకు నా చోటు కావాలి."

"తప్పకుండా తాతయ్యా."

రాయి తిరగసాగింది. యాల్మార్ దాన్ని గుండెకు హత్తుకుని, తాను వినడం నేర్చుకున్నానన్నాడు. మరొకడు తన అహం కరిగిపోయిందన్నాడు. ఇంకొకతె ఏడ్చింది, దానికి అదనపు మార్కులు పడ్డాయి. రాయి తూవా చేతికి వచ్చింది. తూవా తాతయ్యను చూసింది. తర్వాత గున్వోర్ చేతిలోని మార్కుల కాగితాన్ని చూసింది.

"మా తాతయ్య మౌనం... నాకు ఎంతో చెప్పింది," అంది.

చప్పట్లు!

తాతయ్యకు ఒళ్లు మండిపోయింది. లేచి వెళ్లి మనవరాలి చేతిలోంచి రాయి లాక్కున్నాడు. "నేను మౌనంగా లేను! మీరు మాట్లాడనివ్వలేదు! నాకు మిత్రులున్నారు. ముగ్గురు! వెనక కూర్చున్నాడే, వాడు నా ప్రాణమిత్రుడు. ఒరేయ్ బోర్యే, చెప్పరా!"

సభంతా వెనక్కి తిరిగింది. బోర్యే బన్ను నములుతూ కిటికీ వైపు చూశాడు.

గున్వోర్ కళ్లు తుడుచుకుంది. "చూశారా! తోడు కోసం మనిషి ఎలా తపించిపోతాడో! ముక్కూ ముఖం తెలియనివాణ్ని కూడా..." సంక్షేమాధికారిణి గబగబా ఏదో రాసుకుంది. తాతయ్య రాయిని బల్ల మీద పెట్టి, కోటు తొడుక్కుని వెళ్లిపోయాడు.

తర్వాతి వారం తలుపు గంట మోగింది. గుమ్మంలో బోర్యే! మెడలో మున్సిపాలిటీ బిళ్ల వేలాడుతోంది, 'అధికారిక స్నేహితుడు' అని.

"ఎవరూ లేని ముసలాడితో గంటసేపు మాట్లాడాలట," అన్నాడు ముఖం గంటు పెట్టుకుని. "ఏం మాట్లాడమంటావ్?"

"నువ్వెందుకు చేరావురా ఇందులో?"

"నువ్వు వెళ్లాక ఆ మున్సిపాలిటీ ఆవిడ అడిగింది, ఈయనకు తోడుగా ఎవరొస్తారని. వినడం నేర్చుకున్నవాళ్లంతా బన్నుల పళ్లెంలోకి చూశారు. నాకు సిగ్గేసి చెయ్యెత్తాను."

"తూవా?"

బోర్యే బూట్లు విప్పుకోవడంలో మునిగిపోయాడు. తాతయ్య కాఫీ పెట్టాడు. తర్వాత హాకీ గురించి కొట్లాడుకున్నారు. గంట దాటిపోయినా మున్సిపాలిటీ పట్టించుకోలేదు. తువ్వాళ్లు తీసుకుని రేవుకు బయల్దేరారు.

అక్కడ ఆవిరిగది ముందు కెమెరాతో నలుగురూ సిద్ధంగా ఉన్నారు.

"తాతయ్యా! మా సినిమా వల్ల నీకు స్నేహితుడు దొరికాడట కదా! రెండో భాగం తీస్తున్నాం," అంది తూవా. "ఇద్దరూ మొదటిసారి కలుసుకున్నట్టు చేతులు కలపండి. ప్లీజ్, సీటు ఇంకా ఖాయం కాలేదు!"

తాతయ్య మనవరాలిని తేరిపార చూశాడు. "నువ్వంటే నాకు ప్రాణమే తూవా. కెమెరా ఇంట్లో పెట్టి రా, కాఫీ ఇస్తాను. అప్పుడు వింటాను, నువ్వూ విందువుగాని."

తూవా తల దించుకుంది. యాల్మార్ మాత్రం కెమెరా దించలేదు.

మిత్రులిద్దరూ లోపలికి వెళ్లారు. బల్ల మీది సబ్బుపెట్టెను బోర్యే పక్కకు జరిపాడు. ఒళ్లు బాగా కాగాక తలుపు తెరుచుకుని, పొగలు కక్కుతూ బయటికొచ్చారు. కెమెరా ఇంకా అటే చూస్తోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, తువ్వాళ్లు విప్పి కొక్కేనికి తగిలించి, పుట్టినప్పటి వేషంలో నేరుగా కెమెరా ముందునుంచి తీరిగ్గా నడుచుకుంటూ పోయి, మంచులో తవ్విన గుంటలోకి దూకారు.

ఆ దృశ్యాన్ని సినిమాలో ఉంచాలా వద్దా అని రాయి ఇంకా తిరుగుతోంది.