అచ్చయ్యాక తప్పేమిటండీ!

అచ్చయిన పరిశోధనలో తప్పులు వెతికేవాళ్ళను ముందు జైల్లో పెట్టాలి! నరసరావుపేటలో ఇరవై రెండేళ్ళుగా పాఠాలు చెబుతున్న లెక్చరర్‌గా ఈ మాట బల్లగుద్ది చెబుతున్నాను.

పాపం, ఒకాయన కష్టపడి పేపర్ రాస్తాడు. జర్నల్‌లో వేయిస్తాడు. దండలు, శాలువాలు, సెంటర్లో ఫ్లెక్సీలు. ఆ తర్వాత తప్పని తేలితే శాలువా వెనక్కి ఇచ్చేయాలా?

మా డాక్టర్ దేవానందం గారినే తీసుకోండి. మిరపలో తామర పురుగుకు ఏ మందు ఎంత మోతాదులో కొట్టాలో కనిపెట్టారు. నూజెండ్లలో నలభై మంది రైతుల పొలాల్లో ప్రయోగం చేశానని రాశారు. ఆ పొలాలకు వెళ్ళారా? అంత ఎండలో ఎందుకండీ! పాస్ పుస్తకాల జిరాక్సులు తెప్పించుకుని, స్టాఫ్ రూమ్‌లో ఫ్యాన్ కింద కూర్చుని దిగుబడి తీశారు. చీడ లేదు, కరువు లేదు. ఇంతకంటే మంచి సేద్యం ఎక్కడైనా చూశారా? ఆ మోతాదును కాగితాల మీద అచ్చేయించి పురుగుమందుల కొట్లలో అంటించారు కూడా.

ఆ జిరాక్సుల్లో కొండలు అనే రైతుది ఒకటుంది. పేపర్‌లో తన పేరుందని తెలిసి అతను కాలేజీకొచ్చి పేచీ పెట్టాడు. "ఆ ఏడు నేనేసింది పత్తి సార్! నా చేలో మిరప ఏడ మొలిచింది?"

మేం ఊరుకుంటామా? వెంటనే విచారణ కమిటీ వేశాం. చైర్మన్ దేవానందం గారే! ఆ పేపర్ గురించి ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? రెండేళ్ళు సమోసాలు తిని, పేపర్‌లో ఏ లోపమూ లేదనీ, ఉన్న లోపమంతా కొండలు పొలంలోనే ఉందనీ తేల్చాం.

పోయిన నెల కొండలు మళ్ళీ వచ్చాడు. ఈసారి పేచీ లేదు, బతిమాలాడు.

"మా వదిన రోశమ్మ రెండెకరాలు మిరపేసింది సార్. కొట్లో మీ కాగితం చూసి రేపు మందు కొడతానంటంది. వద్దంటే, కాలేజీ వాళ్ళకన్నా నీకెక్కువ తెలుసా అంటంది. ఆ మోతాదు తప్పని ఒక్క ముక్క రాసియ్యండి."

వచ్చే నెల కమిటీలో పెడతానని చెప్పి పంపేశాను.

పాఠకులారా, నా జేబులో పెన్నుంది. టేబుల్ మీద తెల్లకాగితమూ ఉంది. కానీ ఆ పేపర్‌లో దేవానందం గారి పేరు తర్వాత ఉన్న పేరు నాది. నా ప్రమోషన్ ఫైలు దాని మీదే నడుస్తోంది.

రోశమ్మ మందు కొట్టింది. వారం తిరక్కుండా రెండెకరాలూ మాడిపోయాయి. ఆ సంగతి విన్నరోజు నాకు చాలా సిగ్గేసింది. ఆ తర్వాత వచ్చిన ప్రమోషన్ మాత్రం వద్దనలేదు.