చలువ పీతకు వేడి నాలుక

నా రక్తంలో యూరిక్ యాసిడ్ గట్టు తెంచుకుందనీ, పీత తింటే కీళ్ళు వాస్తాయి గనక అది ఎదురైతే పక్క వీధిలోంచి పొమ్మనీ ఫ్యాక్టరీ వైద్యపరీక్షలో తేలింది, సరిగ్గా సరస్సులో పీతలు కొవ్వెక్కే నెలలో!

చైనాలో పీతలకు పేరుమోసిన సూజౌలో పుట్టినవాడికి ఇది జబ్బు కాదు, దేశబహిష్కారం. ఆదివారం మామగారింట్లో పీతల విందు. నాకు కాలు నిలవలేదు. వంటింటికీ వరండాకీ మధ్య తిరిగి తిరిగి గచ్చు అరగదీశాను.

"ఏమిటా గానుగెద్దు తిరుగుడు?" అంది మా ఆవిడ యున్‌జెన్.

"ఆ యంత్రానికేం తెలుసు? బొట్టు రక్తం చూసి మనిషిని తేల్చేస్తుందా? నాలుక చూసిందా? నాడి పట్టిందా?"

"పోయినేడు మా అమ్మ నాడి చూపించుకోమంటే మూఢనమ్మకం అన్నావు."

"అప్పుడు కుర్రతనం."

"బట్టతల వచ్చాక కుర్రతనమా! సరే, శనివారం నాడి చూసే పాన్ తాత దగ్గరికి పోదాం. ఆయన మాటే ఆఖరు."

వల్లో పడింది! మా ఊళ్ళో పీతంటే పరమ చలువ. ఒంట్లో వేడున్నవాడు తినొచ్చని అమ్మలక్కలంతా అనేమాటే. వేడికి గుర్తులు ఎర్రటి నాలుక, పరుగెత్తే నాడి. ఆ రెండూ తయారుచేసుకుంటే సరి.

పాన్ తాత వైద్యశాల నాలుగో అంతస్తులో ఉంది. యున్‌జెన్‌ను లిఫ్టెక్కించి, వ్యాయామం పేరుతో నేను మెట్లదారి పట్టాను. పైమెట్టు మీద ఆగి, జేబులోంచి ఎర్రగా ఊరబెట్టిన సోయాజున్ను ముక్క తీసి నాలుకంతా పట్టించాను.

తాత నా మణికట్టు మీద మూడు వేళ్ళు ఆన్చి కళ్ళు మూసుకున్నాడు.

"అబ్బో! నాడా ఇది, రైలా? ఏదీ, నాలుక చాపు బాబూ. పెళ్ళి లాంతరు కూడా ఇంత ఎర్రగా ఉండదే!"

"వేడేగా తాతా? అయితే పీతలు తినొచ్చుగా?"

"పీతల ఊసు నేనెత్తలేదే!"

నాలుక కరుచుకున్నాను. తాత మాత్రం చెయ్యి వదల్లేదు. యున్‌జెన్‌ను చామంతుల గురించి అడిగాడు, వానల గురించి అడిగాడు. నా గుండె మెల్లగా కుదుటపడుతోంది. పరుగెత్తవే అని లోపల ఎంత అదిలించినా వినదు! కుర్చీలో అటు కదిలాను, ఇటు కదిలాను.

"రైలు స్టేషన్లో ఆగినట్టుందే," అన్నాడు తాత. తడి దూదితో నా నాలుక తుడిచి, ఆ దూదిని నాకు కాక యున్‌జెన్‌కు చూపించాడు. అది గులాబీరంగుకు తిరిగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వేడి బాగా ముదిరిందమ్మాయ్. చేతివేళ్ళ కొసలన్నీ సూదితో పొడిచి రక్తం కార్చాలి. పైన నెలంతా చేదు కషాయం."

"పొడవండి తాతా," అంది యున్‌జెన్ తాపీగా. "కాలివేళ్ళు కూడా. కుడి బొటనవేలితో మొదలుపెట్టండి, పొద్దుట్నుంచీ దాన్ని పసిబిడ్డలా మోస్తున్నాడు."

తాత నా బూటు మీద చెయ్యి వేశాడు.

"ఆగండి! ఆ కాలు ముట్టుకోకండి! వేడీ లేదు గీడీ లేదు. నాలుక మీదిది సోయాజున్ను. నాడిని పరుగెత్తించింది మెట్లు. ఆ యంత్రం చెప్పిందంతా నిజం. ఆదివారం దాకా ఆగలేక, నిన్న ఓవర్‌టైమని చెప్పి పీతలు తినొచ్చాను. బొటనవేలు వాచిపోయి నేలకు ఆనడం లేదు తాతా! ఆ మెట్లన్నీ ఒంటికాలి మీద గెంతుకుంటూ ఎక్కాను!"