గోడవైపు ఏడో తుపాకీ

ఆ స్టూడియోలో కత్తులూ తుపాకులూ చూసుకునే పెద్దమనిషిని అందరూ ఆయుధాల మాస్టారు అనేవారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయన చేతిమీదుగా ఒక్క తూటా అయినా పేలలేదు. ఆ ఉదయం ఆయన వేసుకున్న పథకమూ చాలా చిన్నదే. గోడకి ఆనించిన ఆరు కొయ్య తుపాకులకు వెండిరంగు వేయించి, గొట్టం చివర ఒక్కో గాజుగోళీ అతికించి, కిరణాయుధాలుగా సెట్ మీదికి పంపాలి. మ్యూజియం నుంచి తెచ్చిన అసలు తుపాకీని సేనాపతి చేతిలో ఒక్క షాటు తీయించి, సాయంత్రానికి తిరిగి అప్పగించాలి. అప్పుడు తీస్తున్న సినిమాలో నక్షత్రనౌక దారితప్పి రాజుల కాలంలో దిగుతుంది కాబట్టి రెండు రకాలూ కావలసి వచ్చాయి.

రంగు పని బావమరిదికి ఇచ్చారు. తమ్ముడి చేతిలో పనితనం ఉంది, పని ఇచ్చేవాళ్లే లేరని మాస్టారి భార్య మూడు నెలలుగా భోజనానికి కూర్చున్నప్పుడల్లా చెబుతోంది. వినీ వినీ ఆయన ఒప్పుకున్నారు.

"గోడవైపున్న వాటన్నిటికీ రంగు వెయ్యి. బల్లమీద గుడ్డలో చుట్టింది మాత్రం ముట్టుకోకు, రెండొందల ఏళ్లనాటిది," అని చెప్పి మాస్టారు ఆఫీసుకి వెళ్లారు.

బావమరిది ఆ సమయంలో రంగుడబ్బా మూతతో కుస్తీ పడుతున్నాడు. మొదటి మాట విన్నాడు. రెండో మాటకి మూత ఠప్పున ఊడింది. తరవాత రంగు కలపడానికి బల్ల కావలసి, మీదున్న మూట విప్పి, లోపలిదాన్ని గోడకి ఆనించాడు. గుడ్డ కుంచెలు తుడవడానికి పనికొచ్చింది.

మాస్టారు తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీ, గోడ ఖాళీ.

"ఏడూ అయిపోయాయి బావగారూ. రంగు ఆరీ ఆరకముందే సెట్ వాళ్లు పట్టుకెళ్లిపోయారు."

"ఏడేమిటయ్యా? ఉన్నవి ఆరేగా."

"మీరే లెక్క తప్పారేమో అనుకున్నా."

మాస్టారు సెట్ మీదికి పరుగెత్తారు. అప్పటికే హీరో ఏడింటినీ ఎత్తి చూసి ఒకదాన్ని ఎంచుకున్నాడు. మిగతావి కట్టెపుల్లల్లా ఉన్నాయట, దీన్ని పట్టుకుంటేనే వీరావేశం వస్తోందట. రెండు షాట్లు కూడా అయిపోయాయి. ఇక సినిమా ఆఖరిదాకా హీరో చేతిలో అదే ఉండాలని దర్శకుడు ప్రకటించాడు. మ్యూజియం సంగతి షూటింగ్ అయ్యాక చెబుదామని మాస్టారు పక్కకి తప్పుకున్నారు.

తుపాకీ తీసుకెళ్లడానికి సాయంత్రం రావలసిన మ్యూజియం క్యూరేటర్ మధ్యాహ్నమే ఊడిపడ్డాడు. పిల్లని అత్తారింటికి పంపిన తండ్రిలా ఆయనకి రాత్రంతా నిద్రలేదట. తుపాకీ ఎలా ఉందని అడిగాడు.

"మేకప్‌లో ఉందండీ," అన్నారు మాస్టారు.

ఒక ఆయుధానికి ఇంత మర్యాదా అని క్యూరేటర్ పొంగిపోయి, కుర్చీ వేయించుకుని షూటింగ్ చూడసాగాడు. ఆ ఘనచరిత్ర గల తుపాకీ గురించి పద్దెనిమిదేళ్లుగా బడిపిల్లలకి తాను చెప్పే కథంతా మాస్టారికి వినిపించాడు. మధ్యలో హీరో చేతిలోది చూసి, అచ్చం రేపటి కాలానిదేనని మెచ్చుకున్నాడు కూడా.

ఇంతలో హీరో నౌక మీంచి దూకాడు. కాలు సరిగ్గానే పడింది, తుపాకీ ఇనపమెట్టుకి తగిలింది. తుపాకీ వెనక కొయ్య మడమ ఫెళ్లున రెండుగా చీలి, పెచ్చులూడిన వెండిరంగు కింద మ్యూజియం వాళ్ల ఎర్ర నంబరు బయటపడింది. క్యూరేటర్ ఆ నంబరు చూశాడు, మాస్టారి ముఖం చూశాడు, లేచి నిలబడ్డాడు.

దూరంగా బావమరిది కుంచె పట్టుకుని బిక్కచచ్చి నిలుచున్నాడు. మాస్టారు ఒక్క క్షణం అటు చూసి ముందుకు వచ్చారు.

"రంగు వేయించింది నేనండీ. కుర్రాడికి సరిగ్గా చెప్పకుండా వెళ్లాను. ఏ శిక్ష అయినా నాదే."

క్యూరేటర్ చీలిన మడమని వెలుగుకి ఎత్తి చాలాసేపు చూశాడు. లోపల జిగురుతో అతికించిన ప్యాకింగు పెట్టె చెక్క. దానిమీద అచ్చు అక్షరాల్లో: 'ఈ వైపు పైన ఉంచవలెను.' గొట్టం చివరి గాజుగోళీ పీకి చూస్తే అది అచ్చంగా నీళ్ల పైపు.

"రెండొందల ఏళ్ల కిందట..." అని మొదలుపెట్టి, క్యూరేటర్ కుర్చీలో కూలబడ్డాడు. "పద్దెనిమిదేళ్లండీ. ఎంతమంది పిల్లలకి చెప్పానో."

మాస్టారు మంచినీళ్లు తెప్పించి ఇచ్చారు. బావమరిది మెల్లిగా దగ్గరికొచ్చి ముక్కలు రెండూ జోడించి చూశాడు. చేసినవాడెవడో గాని గొప్ప పనివాడని, గంటలో అతికించి ఇస్తానని అన్నాడు. అతికించాడు. షూటింగ్ ఆగలేదు.

ఆ సాయంత్రం ముగ్గురూ కలిసి ఒక నిర్ణయానికొచ్చారు. మ్యూజియంలోని మిగతా వస్తువుల్లో ఇంకెన్ని పెట్టెచెక్కలున్నాయో తేల్చడానికి క్యూరేటర్ బావమరిదిని ఉద్యోగంలో పెట్టుకున్నాడు. ఆ వార్త ఇంట్లో చెబితే మాస్టారి భార్య, తాను మూడు నెలల కిందటే చెప్పానంది.

సినిమా ఆడింది. ఆ తుపాకీని వెండిరంగుతోనే, సినిమా తుపాకీగా మళ్లీ మ్యూజియం అద్దాలపెట్టెలో పెట్టారు. చూడడానికి పిల్లలు గేటు దాకా వరస కట్టారు. ఈసారి మాత్రం దాని కింద చీటీలో రాసిందంతా నిజం.